మన ఇంటి పసిపిల్లల టీకాల లెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "ఆరోగ్యం మీద ఓ అరగంట మాట్లాడండి" అన్నారు. ఈ సభలో ఎక్కువమందికి కావలసినవి షుగరు, బీపీ, మోకాళ్ళ నొప్పుల సంగతులు. వాటికి మనలోనే డాక్టర్లు ఉన్నారు, మధ్యాహ్నం చెబుతారు. నేను 34 ఏళ్ళు ఏఎన్ఎమ్‌గా, చివర్లో సూపర్‌వైజరుగా పనిచేసినదాన్ని. నాకు బాగా వచ్చిన పని పసిపిల్లలకు సూది వెయ్యడం, వేసింది రాయడం, వెయ్యాల్సింది గుర్తు పెట్టుకోవడం. మీలో చాలామంది ఇప్పుడు అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు. మనవడి జాతకం బీరువాలో ఏ అరలో ఉందో అందరూ చెబుతారు. టీకాల కార్డు ఎక్కడుందో ఎంతమంది చెప్పగలరు? చేతులెత్తమని అడగను లెండి.

మన పెద్ద బ్యాచ్‌ల వాళ్ళు చొక్కా చెయ్యి పైకి మడిస్తే మశూచి టీకా మచ్చ కనిపిస్తుంది. టీకాల వాళ్ళు వస్తున్నారంటే గోడ దూకి పారిపోయినవాళ్ళు కూడా ఈ హాల్లో ఉన్నారు, నాకు తెలుసు. మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది. 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఆ రోజుల్లో లెక్క సులువు. టీకా పడిందా లేదా అంటే చెయ్యి చూస్తే చాలు, మచ్చే కార్డు. 1978లో పిల్లలందరికీ రకరకాల టీకాలు ఇచ్చే కార్యక్రమం మొదలైంది, 1985 నుంచి దాన్ని దేశమంతా విస్తరించారు. అప్పటినుంచి టీకాల సంఖ్య పెరుగుతూ వచ్చింది. వీటిలో బీసీజీ ఒక్కటే ఎడమ భుజం మీద మచ్చ మిగులుస్తుంది. మిగతావి పిల్ల ఒంటి మీద ఏ ఆనవాలూ ఉంచవు. పోలియో చుక్కలు పడ్డాయో లేదో నోరు చూస్తే తెలియదు, తొడ చూస్తే మూడు సూదులు పడ్డాయో రెండే పడ్డాయో తెలియదు. తల్లి జ్ఞాపకం మీద ఆధారపడితే ఎట్లా ఉంటుందో మాకు తెలుసు. "అన్నీ వేయించామమ్మా" అంటుంది. ఏవేవి అని అడిగితే, "అదే, ఏడ్చాడు కదా, ఆ సూది" అంటుంది. కాగితం మీద రాసి ఉన్నదే లెక్క.

ఏమేమి ఎప్పుడో ఒకసారి చెబుతాను. రాసుకోనక్కర్లేదు, కార్డు మీద అచ్చు వేసే ఉంటుంది. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బి సూది. ఆ తరవాత ఒకటిన్నర నెలకి, రెండున్నర నెలలకి, మూడున్నర నెలలకి పెంటావేలెంట్ సూది, పోలియో చుక్కలు, విరేచనాల జబ్బు రాకుండా రోటావైరస్ చుక్కలు. ఒకటిన్నర, మూడున్నర నెలలప్పుడు వీటితోపాటు పోలియో సూది, న్యుమోనియా రాకుండా పీసీవీ కూడా ఉంటాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా సూది, పీసీవీ, పోలియో సూది ఇంకొక్కసారి, ఎ విటమిన్ మందు. పదహారు నుంచి 24 నెలల మధ్య తట్టు-రుబెల్లా రెండోది, డీపీటీ బూస్టరు, పోలియో చుక్కలు. ఐదేళ్ళు దాటాక ఇంకో డీపీటీ. కొన్ని జిల్లాల్లో మెదడువాపు టీకా కూడా ఉంది. ఐదేళ్ళ వరకు కలిపి చూస్తే ఏడుసార్లు తీసుకురావాలి. ఏడుసార్లంటే ఎక్కువేం కాదు, పెళ్ళిళ్ళకి అంతకంటే ఎక్కువసార్లు తిరుగుతాం.

పెంటా అంటే ఐదు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, ఇంకొకటి హిబ్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే న్యుమోనియా, మెదడు పొరల జబ్బు. ఐదింటికీ కలిపి ఒకే సూది.

ఒకటిన్నర నెల అంటే కచ్చితంగా ఆరు వారాలు, 42 రోజులు. తరవాతివి 70 రోజులు, 98 రోజులు. క్యాలెండర్లో వేళ్ళు పెట్టి లెక్కపెట్టే పని లేకుండా నేను తల్లులకు ఒకటి చెప్పేదాన్ని. బిడ్డ ఏ వారం పుట్టిందో ఆరు వారాల తరవాత అదే వారం వస్తుంది. మంగళవారం పుట్టిన బిడ్డకి 42వ రోజు కూడా మంగళవారమే. మన దగ్గర టీకాల రోజులు బుధవారం, శనివారం కాబట్టి ఆ మర్నాడే తీసుకొస్తే సరిపోతుంది. ఒక్క రోజు ముందు తెచ్చినా మేము వెనక్కి పంపుతాం, ఒక్క రోజు తరవాత తెస్తే వేస్తాం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

ఇక మన తెలుగువాళ్ళ నెలల లెక్క సంగతి. కడుపుతో ఉన్న అమ్మాయికి తొమ్మిదో నెల అంటే తొమ్మిదో నెల నడుస్తోందని అర్థం, నిండింది ఎనిమిదే. బిడ్డకి కూడా అలాగే లెక్క వేస్తాం. కానీ తట్టు సూదికి కావలసింది తొమ్మిది నిండడం, అంటే పదో నెల పడాలి. నేను పనిచేసిన ప్రతి ఊళ్ళో ఈ గొడవ ఉంది. ఎండలో రెండు కిలోమీటర్లు చంకనెత్తుకుని ఒక అవ్వ వస్తుంది, "నర్సమ్మా, తొమ్మిదో నెల పడింది గదా, సూది ఎయ్యి" అంటుంది. పుట్టిన తేదీ చూస్తే ఎనిమిది నెలల మూడు రోజులు. వెయ్యకూడదు. ఎందుకంటే తల్లి నుంచి వచ్చిన రక్షణ ఇంకా బిడ్డ ఒంట్లో ఉంటుంది, అది ఉన్నప్పుడు వేస్తే టీకా సరిగ్గా పట్టదు. ఆ మాట చెప్పి నెలాగి రమ్మంటే అవ్వకి కోపం. "పోయినసారి తొమ్మిది అంటివి, తెస్తే పొమ్మంటివి" అని తిట్టుకుంటూ వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. ఇంటికి మనిషిని పంపాలి. అందుకే కార్డు మీద నెలలు రాయకుండా తేదీ రాయమని మా చిన్న ఏఎన్ఎమ్‌లకి చెప్పేదాన్ని. "మార్చి 12 తరవాత" అని రాస్తే అవ్వకీ, కోడలికీ, నాకూ ఒకే లెక్క.

ఇన్నేళ్ళలో నేను చూసిందేమిటంటే, సూది వద్దని తలుపేసుకున్న ఇళ్ళు చాలా తక్కువ. తప్పిపోయిన పిల్లల్లో ఎక్కువమంది ఊరు మారిన పిల్లలు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం, మంచి ఆచారం, దాన్ని మానమని చెప్పను. బిడ్డ పుట్టింట్లో పుడుతుంది. బీసీజీ అక్కడే పడుతుంది, కార్డు అక్కడి సబ్‌సెంటర్లో రాస్తారు. ఒకటిన్నర నెల సూది కూడా అక్కడే. మూడో నెలలోనో, ఐదో నెలలోనో మంచిరోజు చూసి అత్తగారింటికి పంపుతారు. సరిగ్గా ఆ ప్రయాణాల హడావుడిలో రెండో సూదో, మూడో సూదో వస్తుంది. సారె, చీరలు, మిఠాయిలు, ఉయ్యాల గుడ్డలు అన్నీ సర్దుతారు. కార్డు పుట్టింట్లో దేవుడి అలమరలో ఉండిపోతుంది. పుట్టింటి ఊరి ఏఎన్ఎమ్ అనుకుంటుంది, పిల్ల అత్తగారింటికి వెళ్ళింది కాబట్టి అక్కడ వేయిస్తారని. అత్తగారి ఊళ్ళో బిడ్డ పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు, ఎవరు పిలుస్తారు?

మా వైపు లెక్క ఎలా ఉంటుందో కూడా చెబితే ఇది బాగా అర్థమవుతుంది. కార్డుకి ఒక చీలిక ఉంటుంది, దాన్ని చింపి మేము దాచుకుంటాం. సబ్‌సెంటర్ గోడకి జేబులు కుట్టిన గుడ్డ సంచి ఒకటి వేలాడుతుంది, నెలకి ఒక జేబు. వచ్చే నెలలో ఎవరెవరికి సూది పడాలో వాళ్ళ చీలికలు ఆ నెల జేబులో ఉంటాయి. టీకాల రోజుకి ముందు అవి తీసి జాబితా రాసి ఆశా కార్యకర్తకి ఇస్తే ఆమె ఇంటింటికీ వెళ్ళి చెబుతుంది. చాలా తెలివైన ఏర్పాటు, చదువు రానివాళ్ళు కూడా నడపగలరు. దాని ఇబ్బంది ఒక్కటే. బిడ్డ ఊరు మారితే చీలిక వెనకాలే రాదు. అది ఆ సంచిలోనే ఒక జేబు నుంచి ఇంకో జేబుకి మారుతూ ఉండిపోతుంది. బిడ్డతోపాటు ఊరు దాటగలిగిన కాగితం తల్లి చేతిలో ఉన్న కార్డు ఒక్కటే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో పనిచేశాను. వానలు లేని ఏడు సంక్రాంతి దాటేసరికి సగం ఊరు ఖాళీ. గుంటూరు వైపు మిరపకాయ కోతలకి లారీలెక్కి కుటుంబాలకి కుటుంబాలు వెళ్ళిపోతాయి. సుగ్గికి పోవడం అంటారు అక్కడ. ఒక ఇంటి ఆడపిల్లకి మొదటి మూడు సూదులు నేనే వేశాను, ఒక్కటి కూడా తప్పలేదు. ఏడు నెలల పిల్లనెత్తుకుని తల్లిదండ్రులు సుగ్గికి పోయారు. తిరిగి వచ్చేసరికి ఉగాది దాటింది, పిల్లకి పది నెలలు నిండాయి. ఆ మధ్యలో పొలాల పక్క గుడిసెల్లో పిల్లలకి తట్టు పోసింది. తట్టు సంగతి మీకు తెలుసు, రక్షణ లేని పిల్లల మధ్య ఒక్కరికి వస్తే 12 నుంచి 18 మందికి అంటుకునేంత వేగం దానిది. గుడిసెల్లో ఇంక ఆగుతుందా? వేపమండలు కట్టారు, ఐదు రోజులు నీళ్ళు పొయ్యలేదు. ఊపిరితిత్తులకి పట్టి ఆయాసం వచ్చింది, అది తగ్గింది. తట్టు వచ్చిన బిడ్డ ఒంట్లో ఎ విటమిన్ అడుగంటిపోతుంది, అసలే పాలు చాలని పిల్ల. ఎడమ కంట్లో పువ్వు పడింది. ఆ కన్ను ఇక రాలేదు.

కార్డు ఏదని అడిగాను. అవ్వ లేచి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచి, అడుగున పట్టుచీర మడతలోంచి తీసి ఇచ్చింది. మడత నలగలేదు. తొమ్మిది నెలల గడి ఖాళీగా ఉంది. "మీరున్న ఊళ్ళో నర్సమ్మ రాదా?" అని తల్లిని అడిగాను. "వస్తాది. బుధారం బుధారం సూదులేస్తాంటారు. మాకు కార్డు లేకపాయె, మా ఊరు గాకపాయె. అడగలే" అంది.

ఏ ఊళ్ళో అయినా, ఏ జిల్లాలో అయినా, ఏ రాష్ట్రంలో అయినా ప్రభుత్వ టీకా కేంద్రానికి బిడ్డని తీసుకెళ్తే టీకా వెయ్యాలి. ఓటరు కార్డు, రేషను కార్డు, ఆ ఊరి అడ్రసు ఏవీ అక్కర్లేదు. టీకా కార్డు లేకపోయినా వేస్తారు, కొత్తది రాసిస్తారు. ఈ సంగతి ఆ తల్లికి తెలియదు. ఇవాళ హైదరాబాదులో అపార్ట్‌మెంట్ కడుతున్న చోట రేకుల షెడ్లలో ఉన్న తల్లులకి, ఇటుక బట్టీల దగ్గర ఉన్నవాళ్ళకి కూడా చాలామందికి తెలియదు. మన పూర్వ విద్యార్థుల్లో బిల్డర్లు ఉన్నారు, బట్టీల యజమానులు ఉన్నారు, మిరప రైతులైతే లెక్కేలేదు. మీ పనిలో చేరే కుటుంబాల్లో చంటిపిల్లలు ఉంటే దగ్గర్లో సూదులు వేసే చోటు, రోజు ఒక్కసారి చెప్పించండి. ఆ ఒక్క పూట కూలి కొయ్యకండి.

ఆ తరవాత అక్కడ పనిచేసినన్నాళ్ళూ సంక్రాంతికి ముందు వారం సుగ్గికి పోయే ఇళ్ళ చీటీ రాసుకునేదాన్ని. కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తల్లి చేత మూటలో కట్టించి పంపేదాన్ని. బియ్యం మూటలోనే కట్టమనేదాన్ని. బియ్యం మూట ఎవరూ మర్చిపోరు.

ఆలస్యమైన పిల్లల సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే భయంతో చాలామంది అసలే మానేస్తారు. "రెండో సూది మూడు నెలలు లేటైంది, ఇప్పుడు పోతే నర్సు తిడుతుంది, మొదటినుంచి మళ్ళీ వేస్తుంది" అని. తిడితే తిట్టనివ్వండి. కానీ మొదటినుంచి వెయ్యరు. పాఠం మధ్యలో ఆగిన పిల్లాడికి మన మాస్టార్లు మళ్ళీ అ ఆలు దిద్దించలేదు కదా, ఆగిన చోటు నుంచే చెప్పారు. పెంటాకి పెంటాకి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి, అంతే. పోలియో చుక్కలు, తట్టు-రుబెల్లా ఐదేళ్ళ వరకు వేయించుకోవచ్చు. బీసీజీ మాత్రం ఏడాదిలోపు. బీసీజీ మచ్చ రాలేదని కొందరు కంగారుపడతారు, మచ్చ రాకపోయినా మళ్ళీ వెయ్యక్కర్లేదు. కొందరికి నెల తరవాత చిన్న పొక్కు లేచి చీము కారుతుంది, అది మామూలే, దాన్ని వదిలెయ్యండి. పసుపు, ఆయింట్‌మెంట్, పక్కింటావిడ చెప్పిన ఆకుపసరు ఏవీ వద్దు.

జ్వరం గురించి అత్తగార్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఒకటిన్నర నెల సూదికి జ్వరం వచ్చిందని రెండో సూదికి పంపని అత్తగార్లు నాకు బాగా పరిచయం. పెంటా వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ మీద వాపు, చిరాకు ఉండొచ్చు. మేము చెప్పిన మోతాదులో పారాసిటమాల్, తడిగుడ్డ, తల్లిపాలు, అంతే చాలు. రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు. సూది వేశాక అరగంట కూర్చోమంటే కూర్చోండి, ఆటో ఆగదని లేవకండి. మూడు గంటలు దాటి ఏడుపు ఆపకపోయినా, ఫిట్స్ వచ్చినా, జ్వరం బాగా ఎక్కువైనా వెంటనే ఆసుపత్రికి రావాలి. జలుబు, కొద్దిపాటి దగ్గు, పలచగా విరేచనాలు ఉన్నాయని సూది వాయిదా వెయ్యక్కర్లేదు. శ్రావణంలో, ఆషాఢంలో, మూఢంలో కూడా టీకా వేయించవచ్చు. పంతులు గారిని అడగాల్సిన పని లేదు. నేను అడిగాను, ఆయనే అన్నారు.

ఏడాది పుట్టినరోజు కేకు కోసేశాక ఇళ్ళల్లో కార్డు మూతపడుతుంది. తట్టు సూదితో అన్నీ అయిపోయాయని మనసులో ఉండిపోతుంది. ఏడాదిన్నర బూస్టరు, ఐదేళ్ళ బూస్టరు చాలా ఇళ్ళల్లో గుర్తుండవు. కంఠసర్పి ఇక్కడే కాచుకుని ఉంటుంది. చిన్నప్పుడు వేసిన మూడు సూదుల రక్షణ ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, అందుకే బూస్టర్లు. హైదరాబాదు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని పాతవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. పోయిన శతాబ్దంలోనే తీరిపోయిందనుకున్న కంఠసర్పితో ఈ శతాబ్దంలోనూ అక్కడ పిల్లలు చేరుతూ వచ్చారు, వాళ్ళలో బడికి వెళ్ళే వయసువాళ్ళు కూడా ఉన్నారు. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరి ఆడనివ్వదు, దాని విషం గుండెకి పాకుతుంది. మందు ఉంది కానీ తొందరగా పడాలి, దొరకాలి. ఐదేళ్ళప్పుడు చేతికి ఒక సూది వేయిస్తే తీరే దానికి అంత దూరం పోనివ్వడం ఎందుకు? పదేళ్ళకి, పదహారేళ్ళకి టీడీ సూదులు ఉంటాయి, అవి ఐదో తరగతిలో, పదో తరగతిలో బళ్ళోనే వేస్తారు. ఆ రోజు మీ మనవడు కడుపునొప్పి అంటే నమ్మకండి.

పోలియో గురించి కొత్తగా చెప్పేదేముంది? మా రోజుల్లో ఈ బళ్ళో తరగతికి ఒకరో ఇద్దరో కాలు ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళు. వాళ్ళలో కొందరు ఇవాళ ముందు వరసలో కూర్చున్నారు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ హౌరాలో ఒక చిన్న పాపకి వచ్చింది. 2014 మార్చిలో పోలియో లేని దేశమని ధ్రువీకరణ వచ్చింది. అయినా 2016లో హైదరాబాదు మురుగునీటి నమూనాలో టీకా నుంచి మారిన పోలియో వైరస్ కనపడగానే, ఒక్క బిడ్డకీ జబ్బు రాకముందే హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాల్లో పిల్లలకి ప్రత్యేకంగా పోలియో సూది వేశారు. ఇప్పుడు ఎవరికీ లేదు కదా, మనకెందుకు అనే చదువుకున్నవాళ్ళకి ఇది చెబుతుంటాను.

ప్రైవేటు ఆసుపత్రుల్లో వేయించేవాళ్ళకి రెండు మాటలు. అక్కడ ఇచ్చే పుస్తకం అందంగా ఉంటుంది, కానీ అందులో ఒక్కోసారి కంపెనీ పేరు ఒక్కటే రాసి ఉంటుంది. తరవాత ఇంకో చోటుకి వెళ్తే అది ఏ టీకానో తెలుసుకోవడానికి తంటాలు. టీకా పేరు, తేదీ, బ్యాచ్ నంబరు మూడూ రాయమని అడగండి. అడిగితే రాస్తారు. కొంచెం అక్కడ, కొంచెం ఇక్కడ వేయించినా తప్పు లేదు. కానీ రెండు కార్డులు కాకుండా రెండు చోట్లవీ ఒకే కార్డు మీద ఎక్కించుకోండి.

అమెరికాలో పిల్లలున్న వాళ్ళు కూడా ఇక్కడ చాలామంది ఉన్నారు. కోడలు డెలివరీకి ఇక్కడికి వచ్చి బిడ్డని ఏడాదిన్నర ఉంచి తీసుకెళ్ళిన ఇళ్ళు నాకు తెలుసు. అక్కడ ఏ రాష్ట్రంలో బళ్ళో వెయ్యాలన్నా టీకాల రికార్డు అడుగుతారు. మొదటి పుట్టినరోజుకి ముందు వేసిన తట్టు టీకా వాళ్ళ లెక్కలోకి రాదు. మన ఎంఆర్ సూదిలో గవదబిళ్ళల టీకా ఉండదు, వాళ్ళు అది కలిసిన ఎంఎంఆర్ అడుగుతారు. ఆటలమ్మ టీకా కూడా అడుగుతారు. కాబట్టి ఇక్కడ వేయించినవన్నీ పనికిరావని కాదు, కొన్ని అక్కడ మళ్ళీ పడతాయి, కంగారు పడొద్దు. ఇంకో చిన్న విషయం, దీనివల్ల చాలామంది ఇబ్బంది పడ్డారు. మనం 5-8 అని రాస్తే ఆగస్టు ఐదు. వాళ్ళు దాన్ని మే ఎనిమిది అని చదువుతారు. విదేశం వెళ్ళే బిడ్డ కార్డు మీద నెల అక్షరాల్లో రాయించండి.

కార్డు ఎలా దాచాలో కూడా చెప్పి ముగిస్తాను. శ్రద్ధ గల తండ్రి ఒకాయన కార్డుని లామినేషన్ చేయించి తెచ్చాడు. అద్దంలా మెరుస్తోంది. రెండో సూది రాయడానికి పెన్ను పట్టదు. బ్లేడుతో కోసి రాయాల్సి వచ్చింది. లామినేషన్ వద్దు, ప్లాస్టిక్ కవరు చాలు. ప్రతిసారీ సూది అయ్యాక బయటికి రాకముందే మూడు చూసుకోండి: ఇవాళ వేసింది రాశారా, తేదీ ఉందా, మళ్ళీ ఎప్పుడు రావాలో రాశారా. వెంటనే రెండు వైపులా ఫోటో తీసి తల్లికి, తండ్రికి, ఇద్దరు వియ్యపురాళ్ళకి పంపండి. వియ్యపురాళ్ళ మధ్య మాటలు లేకపోయినా వాట్సాప్ ఉంటుంది కదా. యూ-విన్ అని కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ రికార్డు తెచ్చింది, ఫోన్ నంబరు మీద బిడ్డ పేరు నమోదవుతుంది, ఏ ఊళ్ళో వేసినా అందులో కనిపిస్తుంది. మంచిదే. కాకపోతే ఆఫర్ వచ్చిందని సిమ్ మార్చేవాళ్ళు ఇంట్లో ఉంటే ఆ నంబరు ఇవ్వకండి, ఇంట్లో ఎప్పటికీ మారని నంబరు ఇవ్వండి. ఎక్కువ ఇళ్ళల్లో అది తాతయ్యది.

సంఘం పెద్దలకి నా విన్నపం ఒకటి ఉంది. మన హైస్కూలు పక్కనే ప్రాథమిక పాఠశాల ఉంది. జూన్‌లో ఒకటో తరగతిలో చేరే పిల్లల్ని ఒక శనివారం కార్డులతో రమ్మని చెప్పిద్దాం. ఐదేళ్ళ బూస్టరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళ జాబితా రాసి ఇక్కడి ఏఎన్ఎమ్‌కి ఇద్దాం. రాయడానికి నేనూ, నాతో ఉద్యోగం చేసి రిటైరైన ఇంకో ఇద్దరూ వస్తాం. ఖర్చేమీ లేదు, టీకాలు ఉచితం, మాకు కుర్చీలు వేయించి మజ్జిగ ఇప్పిస్తే చాలు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఆరో తరగతి గదిలో కూర్చుంటాను. మనవల కార్డుల ఫోటోలు ఫోన్లలో ఉన్నవాళ్ళు రండి, కలిసి చూద్దాం. ఫోటోలు లేనివాళ్ళు ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి తెప్పించుకోండి, భోజనాలకి ఇంకా గంట టైముంది.